ఎర్రజెండాల దోవ

"ఆగండి. బండి అక్కడే ఆపండి. కాలు కింద పెట్టొద్దు."

కాలు కింద పెట్టకుండా బండి ఎట్టా ఆపాలో సుబ్బుకి తెలియలేదు. ముందు చక్రం ఇసుకలో కూరుకుపోయింది. బండి ఎడం పక్కకి వాలిపోయింది. అరిచిన అమ్మాయి సరుగుడు చెట్ల వెనక నుంచి వస్తోంది. నెత్తిన పసుపు హెల్మెట్, మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో పొడుగాటి కర్రలాంటి యంత్రం.

"పెట్టేసినానండీ," అన్నాడు సుబ్బు.

"ఏంది?"

"కాలు."

ఆమె నవ్వలేదు. "రెండోది పెట్టకండి. అసలు కదలొద్దు," అంటూ యంత్రాన్ని ఇసుక మీద అటూ ఇటూ ఊపుకుంటూ, చూసిన చోటే అడుగు వేస్తూ వచ్చింది. దగ్గరికి రాగానే యంత్రం కూత పెట్టింది.

"జేబులో ఏముంది?"

"తాళాలు. సెల్లు. చాకు."

"చాకు దేనికి?"

"వల తెగ్గొయ్యడానికి. మిమ్మల్ని బెదిరించడానికి కాదు."

"అన్నీ ఇటివ్వండి."

ఇచ్చాడు. ఆమె మళ్లీ అతని చుట్టూ యంత్రం తిప్పింది. ఈసారి కూత రాలేదు. "ఇప్పుడు బండిని వచ్చిన చక్రం జాడ మీదే వెనక్కి లాగండి. మీ అడుగు కూడా ఆ జాడ మీదే పడాల. పక్కకి పోయినారంటే నేను చెప్పలేను."

తెల్ల టేపు కట్టిన చోటు దాటి బయటపడేసరికి సుబ్బు చొక్కా తడిసిపోయింది. భయం తగ్గాక కోపం వచ్చింది.

"ఇది మా తాతలు నడిచిన దోవ. కంచె తీసేసినారని ఇయ్యాలే మొదటిసారి వచ్చినా. మీరెవరు ఆపడానికి?"

"నా పేరు ప్రత్యూష. భూమిలో ఏముందో చూసే సర్వే నాది. మీ తాతలు నడిచినప్పుడు ఇక్కడ గుండ్లు పేల్చలేదు గదా. ఆ తర్వాత మిలిటరీ వాళ్లు ఏళ్ల తరబడి పేల్చినారు. పేలనివి ఇసుకలోకి దిగిపోయి ఉంటాయి. అదిగో, ఆ ఎర్రజెండాలు అందుకే. కనపళ్లేదా?"

కనిపించాయి. లెక్క చెయ్యలేదు. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టంలేక సుబ్బు మాట మార్చాడు. "మీది ఈ పక్కేనా? మా మాదిరే 'పేల్చినారు' అంటుండారు."

"వెంకటాచలం పక్కన. ఎందుకు?"

"హైదరాబాద్ అనుకున్నా."

"హైదరాబాద్ అయితే చెప్పిన మాట వినేవాళ్లా?" అని అతని చాకూ తాళాలూ సెల్లూ అతని చేతిలో పెట్టేసి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని వెళ్లిపోయింది.

సుబ్బు వాళ్ల ఊరు తిప్పపాలెం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుటేరు, మూడో పక్క క్యాంపు. సుబ్బు పుట్టక ముందే మిలిటరీ వాళ్లు అక్కడ క్యాంపు పెట్టి కంచె వేశారు. దాంతో ఊళ్లోంచి రోడ్డుకి పోయే ఒక్క దోవా మూసుకుపోయింది. అప్పట్నుంచి చేపల గంపలు ఏరు దాటి, చుట్టూ తిరిగి ఇందుకూరుపేట రోడ్డు ఎక్కాల్సిందే. ఏరు పొంగితే చేప ఊళ్లోనే కుళ్లేది.

ఇప్పుడు క్యాంపు ఎత్తేశారు. ఆ భూమిని ఒక కంపెనీ తీసుకుంది. సిపాయిలు పడుకున్న బ్యారక్‌లు ఆఫీసులవుతాయట. ఆఫీసర్ల మెస్సు హోటలవుతుందట. కింద కొట్లు, పైన ఇళ్లు ఉండే బిల్డింగులు కొన్ని లేస్తున్నాయి. లారీలు పెట్టుకునే పెద్ద షెడ్డుని మాత్రం సుబ్బు వదల్లేదు. బీకాం చదివి, ఊళ్లో కుర్రాళ్లందర్నీ ఒక సొసైటీగా కట్టి, ఆ షెడ్డులో చేపల మార్కెట్టూ కోల్డ్ స్టోరేజీ పెడతామని కంపెనీ చుట్టూ తిరిగాడు. చివరికి మేనేజర్ సుశీల్ కుమార్ ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు.

"కార్తీకంలో గెస్టులు వస్తున్నారు సుబ్బూ. ఇక్కడ స్థలం తీసుకునేవాళ్లు. ఆ రోజు మీ చేప ఊళ్లోంచి నేరుగా దోవ మీద షెడ్డుకి రావాలి. అది చూపించలేకపోతే షెడ్డు కల్యాణమండపానికి ఇచ్చేస్తాను. అడిగేవాళ్లు ఉన్నారు."

దోవ తెరవాలంటే ప్రత్యూష 'బాగుంది' అనాలి. అందుకని సుబ్బు మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఆ మర్నాడూ వెళ్లాడు. ఈసారి బండి టేపు బయటే పెట్టాడు.

"మళ్లీ వచ్చినారా?" అంది ప్రత్యూష.

"దోవ చూసిపోదామని."

"దోవ ఎక్కడికీ పోదు."

"మీరు పోతారేమోనని."

ఆమె తల తిప్పుకుని పనిలో పడింది. చెవి కింద మాత్రం కాస్త ఎరుపెక్కింది. ఎండకే అయ్యుంటుందని సుబ్బు తనకి తాను చెప్పుకున్నాడు, నమ్మలేదు.

నాలుగు రోజులు పోయాక ఆమే పిలిచి హెడ్‌ఫోన్లు అతని చెవులకి పెట్టింది. "వినండి. సన్నగా వస్తే మేకు. ఇట్టా బొంగురుగా వస్తే రేకు డబ్బా. ఏమీ రాకపోతే మంచి ఇసుక." చూసేసిన చోట జెండాలు పీకేటప్పుడు అతన్ని పక్కన నడవనిచ్చేది. రోజుకి కొంచెం కొంచెంగా జెండాలు సముద్రం వైపు జరుగుతున్నాయి. ఊరు దగ్గరవుతోంది. సుబ్బుకి సంతోషంగా ఉండాలి. దోవ పూర్తయితే ఈమె వేరే ఊరికి వెళ్లిపోతుందన్న ఆలోచన వచ్చాక ఆ సంతోషం సరిగ్గా కుదరడం మానేసింది.

అంతా సాఫీగా పోతోందనుకున్నప్పుడు, ఇసుకదిబ్బ దగ్గర పని ఆగిపోయింది.

ఆ రోజు సముద్రం మీద నుంచి వాన ఒక్కసారిగా వచ్చి పడింది. ఇద్దరూ పాత కాపలా గదిలోకి పరుగెత్తారు. గది కప్పు సగం లేదు. మిగిలిన సగంలో ఇద్దరు నిలబడాలంటే భుజాలు తగులుతున్నాయి. ప్రత్యూష తన రెయిన్‌కోటు విప్పి యంత్రానికి కప్పింది.

"మీరు తడిసినా పర్లేదు, అది తడవకూడదా?"

"నాకు జలుబు చేస్తే మాత్ర ఉండాది. దానికి లేదు."

సుబ్బు నవ్వాడు. ఆమె నవ్వలేదు. దిబ్బ వైపే చూస్తోంది. వానలో ఎర్రజెండాలు నానిపోయి కర్రలకి అంటుకుపోయాయి.

"ఆడ ఏముండాది?" అడిగాడు.

"తెలీదు. పెద్ద చప్పుడు వస్తా ఉంది. లోతుగా ఏదో ఉండాది. తవ్వి తీసే పని నాది కాదు, మిలిటరీ నుంచి వేరే టీం రావాల. రమ్మని చెప్పినాం. ఎప్పుడొస్తారో చెప్పడం లేదు."

"గెస్టులు ఎల్లుండి వస్తుండారు."

"తెలుసు."

"ఇనప ముక్క అయ్యుండచ్చు గదా."

"అయ్యుండచ్చు. కాకపోయి కూడా ఉండచ్చు."

"ఆ కాస్త చోట జెండాలు తీసేస్తే ఏమవుతాది?" సరదాగా అందామనుకున్నాడు. గొంతులో సరదా రాలేదు.

ప్రత్యూష అతని వైపు తిరిగింది. "నేను బాగుందంటే జనం నా మాట మీద కాలు పెడతారు సుబ్బు గారూ. మీ మేనత్త విజయకుమారి గారు గంప నెత్తిన పెట్టుకుని రోజూ పెడతాది. నాకు ఆ యంత్రం చప్పుడులో ఆమె కాలే కనపడతా ఉంది."

వాన గట్టిగా కురుస్తోంది. ఆమె చెంప మీద నుంచి ఒక నీటి చుక్క జారి గడ్డం దగ్గర ఆగింది. సుబ్బు దాన్నే చూస్తూ, "ప్రత్యూష గారూ, మీకు..." అని ఆగిపోయాడు.

"నాకు ఏంది?"

"ఏం లేదు. వాన తగ్గినట్టుండాది."

ఆమె చెయ్యి చాచి చూసింది. అరచేయి నిండిపోయింది. "తగ్గలేదే," అంది మెల్లగా, ఈసారి నవ్వుతూ.

తెల్లవారి సుబ్బు వెళ్లేసరికి దిబ్బ దగ్గర ఒక్క జెండా కూడా లేదు. ప్రత్యూష టేపు దగ్గర నిలబడి ఉంది. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నిన్న అడిగినారు. ఈరోజు లేవు."

"నేను తియ్యలేదు."

"జెండాల దాకా ఎక్కడ అడుగేసి పోవాలో మీకు తప్ప మీ ఊళ్లో ఎవరికి తెలుసు? నేనే పక్కన పెట్టుకుని తిప్పినా. నాదే తప్పు." ఆమె గొంతు పెద్దది కాలేదు. అందుకే సుబ్బుకి ఎక్కువ తగిలింది. "ఇంక ఇటు రావద్దు సుబ్బు గారూ."

ఏం చెప్పినా నమ్మదని తెలుస్తూనే ఉంది. వెనక్కి తిరిగి, పీకిందెవరో కనుక్కోవాలని వడివడిగా ఊళ్లోకి, ఊళ్లోంచి ఒడ్డుకి నడిచాడు. పడవలు అప్పుడే వచ్చి ఆగుతున్నాయి. వాళ్ల నాయన ముత్యాలయ్య వల దులుపుతున్నాడు. సముద్రంలో వల ఎక్కడుందో తెలియడానికి బెండుకి వెదురు గుచ్చి గుడ్డ కడతారు. ఆ గుడ్డలు ఎప్పుడూ పాత చీరల ముక్కలే. ఈరోజు మాత్రం ఒకే కొలతలో కత్తిరించిన కొత్త ఎర్రగుడ్డలు వరసగా ఎగురుతున్నాయి.

"నాయనా, ఇవి యాడివి?"

"ఊరికే పడుండాయి. తెచ్చుకున్నా." ముత్యాలయ్య తల ఎత్తలేదు.

"పడుండలేదు. పాతిపెట్టుండాయి. పీకినావు."

"పీకినా. అయితే ఏంది?" ముత్యాలయ్య వల కింద పెట్టాడు. "రేపు పెద్దోళ్లు వస్తుండారు గదా. ఊరు ఊరంతా గంపలతో ఆ దోవన పోతాం. మేం నడిచి చూపిస్తే ఇంక ఎవురు వద్దంటారో చూద్దాం. షెడ్డు నీదే అవుతాది."

"ఆడ లోపల ఏదో ఉండాదని ఆమె చెప్తా ఉంది."

"ఏదో. ఏదో అంటే ఏందిరా? మీ అమ్మకి గుండెనొప్పి వచ్చిన రోజు ఏరు పొంగి ఉండాది. కంచె అవతల రోడ్డు కనపడతానే ఉండాది. నేను ఈడ నిలబడి దాన్ని చూస్తా ఉండిపోయినా." ఆయన మళ్లీ వల అందుకున్నాడు. "ఇంకో వారం, ఇంకో నెల అని నాకు చెప్పబాక."

సుబ్బుకి అమ్మ ముఖం సరిగ్గా గుర్తులేదు. మేనత్త విజయకుమారే పెంచింది. నాయన ఆ రోజు గురించి మాట్లాడటం ఇదే మొదటిసారి. బెండుల నుంచి ఒక్కొక్క జెండా విప్పి చేతికి చుట్టుకున్నాడు. ముత్యాలయ్య ఆపలేదు. చూడనూ లేదు.

దిబ్బ దగ్గర ప్రత్యూష తన దుపట్టాలే చింపి కర్రలకి కడుతోంది. పక్కన సుశీల్ కుమార్ నిలబడి ఉన్నాడు.

"మిస్ ప్రత్యూష, రేపు ఒక్క పూట ఇవి లేకపోతే బాగుంటుంది. గెస్టులు భయపడతారు."

"ఇవి లేకపోతే నేను భయపడతా సార్."

"మీ పైవాళ్లతో మాట్లాడాల్సి వస్తుంది. మీ ఉద్యోగం గురించి కూడా."

"మాట్లాడండి సార్," అని ఆమె ఇంకో కర్ర పాతింది.

సుశీల్ కుమార్ చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చే ఫోన్లు ఆయనకీ ఉన్నాయి. వెళ్తూ వెళ్తూ సుబ్బు దగ్గర ఆగి, "రేపు నీ చేతిలో ఉంది సుబ్బూ," అన్నాడు.

సుబ్బు జెండాలు తీసి ఇచ్చాడు. ప్రత్యూష అందుకుంది. తడిగా ఉన్నాయి. ఒకదానికి చేప పొలుసు అంటుకుని మెరుస్తోంది. దాన్ని గోటితో తీసి కాసేపు చూసింది.

"ఎవరో చెప్పరా?"

సుబ్బు పడవల వైపు చూశాడు. ఆమెకి అర్థమైంది.

"ఉదయం మిమ్మల్ని అన్నా."

"అన్నారు."

"క్షమించమని అడగాలి."

"రేపు అయినాక అడగండి. రేపు ఊరంతా ఈ దోవన వస్తాది."

ప్రత్యూష ముఖం తెల్లబడింది. జెండాలు పట్టుకున్న చెయ్యి గుండెల దగ్గరికి పోయింది. "మీరు?" అంది.

సుబ్బు చెప్పకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున వాన లేదు, మబ్బు ఉంది. షెడ్డు ముందు షామియానా వేశారు. కార్లు వచ్చి ఆగుతున్నాయి. ఇటు పక్క ఊళ్లోంచి జనం బయల్దేరారు. ముందు ముత్యాలయ్య, వెనక గంపలెత్తుకున్న ఆడవాళ్లు, వాళ్లలో మొదట విజయకుమారి. పిల్లల్ని ఇళ్ల దగ్గరే ఉంచారు. అంటే వాళ్లకీ లోపల భయం ఉందన్నమాట.

దిబ్బ ముందు ప్రత్యూష ఒక్కతే నిలబడి ఉంది. ఆమె వెనక ఎర్రజెండాలు.

"అమ్మాయ్, అడ్డం తొలుగు," అన్నాడు ముత్యాలయ్య.

"తొలగను పెద్దాయనా. కొద్దిరోజులు ఆగండి. మీ కాళ్లు పట్టుకుంటా."

"శానా ఏళ్లు ఆగినాం."

జనం వెనక నుంచి సుబ్బు ముందుకు వచ్చాడు. నాయన పక్కన నిలబడతాడనే అందరూ అనుకున్నారు. షెడ్డు అతనిది, సొసైటీ అతనిది. అతను నాయనని దాటుకుని పోయి ప్రత్యూష పక్కన ఆగి, ఊరి వైపు తిరిగాడు.

గంపల్లోంచి నీళ్లు ఇసుకలోకి కారుతున్నాయి.

"ఏందిరా ఇది?" ముత్యాలయ్య గొంతు తగ్గింది.

"ఆగమంటుండా నాయనా."

"ఆ ఇసుకలో ఏముండాదో నీకు తెలుసునా?"

"తెలీదు."

"మరి?"

"ఆమెకి తెలుసు, ఏదో ఉండాదని. నాకది చాలు."

"షెడ్డు పోతాదిరా. నీ కష్టమంతా పోతాది."

"పోనీ."

విజయకుమారి గంప దించింది. "అబ్బయా, ఆ పిల్ల మీద మనసు పడి మాట్లాడుతుండావా, నిజంగానే చెప్తుండావా?"

సుబ్బు చెవులు వేడెక్కాయి. పక్కన ప్రత్యూష ఊపిరి బిగపట్టడం అతనికి వినిపించింది.

"రెండూ అత్తా," అన్నాడు.

ఆడవాళ్లలో చిన్న కదలిక. ముత్యాలయ్యకి మాత్రం కోపం నషాళానికెక్కింది. "నీ మనసు కోసం ఊరు ఆగాల్నా?" అని కొడుకుని పక్కకి తోసి, జెండాల వైపు అడుగేశాడు.

సుబ్బు ఆయన చెయ్యి పట్టుకోలేదు. గబగబా ఆయన కన్నా ముందుకి నడిచి, మొదటి జెండా దాటి లోపలికి వెళ్లి నిలబడ్డాడు.

"పోవాలంటే నువ్వు ముందు కాదు, నేను ముందు. నేను అడుగేసిన చోట నువ్వెయ్యి. నీ వెనక అత్త వేస్తాది. రా."

"సుబ్బూ." ప్రత్యూష పిలుపులో గారు లేదు. "కదలొద్దు సుబ్బూ. నాకు చెప్పకుండా ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు."

"నాయన చెప్పాల," అన్నాడు సుబ్బు. మాట గట్టిగానే వచ్చింది. ఎదురుగా ఇసుక మామూలుగానే ఉంది. రాత్రి వానకి గట్టిపడి, మీద పీతల జాడలతో, రోజూ చూసే ఇసుకే. దాన్ని చూసి ఇంత భయం వేస్తుందని అతను ఎప్పుడూ అనుకోలేదు. అయినా కుడి కాలు ఎత్తాడు.

"వద్దురా," అన్నాడు ముత్యాలయ్య.

ఆ మాట అరుపు కాదు. ఆయన ఇసుకలో కూలబడిపోయాడు. "వద్దు. వెనక్కి రా. నేను పోను. ఎవురూ పోరు. వచ్చేయ్ నాయనా."

ప్రత్యూష అప్పటికే యంత్రం పట్టుకుని జెండా దాటింది. "ఎత్తిన కాలు ఎక్కడ నుంచి తీసినావో అక్కడే పెట్టు. వెనక్కి. నీ జాడ మీదే. కాలు ఎక్కడ పెట్టాలో నేను చెప్తా. నన్నే చూడు, కింద చూడొద్దు." ఆమె చెప్పినట్టే చేశాడు. జెండా ఇవతలికి రాగానే ఆమె అతని చొక్కా పట్టుకుని ఊపేసింది. "బుద్ధుందా నీకు? నన్ను నమ్మేది ఇట్టానా? దాన్లోకి పోయి నిలబడా?" కళ్లలో నీళ్లు కారిపోతుంటే తుడుచుకోలేదు. ఊరంతా చూస్తోందన్న సంగతి ఇద్దరికీ తర్వాత గుర్తొచ్చింది.

విజయకుమారి గంప ఎత్తుకుంది. "పదండి. ఏరు దాటి పోదాం, అలవాటేగా," అంది. ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు.

షామియానా దగ్గర గెస్టులు అంతా చూశారు. సుశీల్ కుమార్ నెత్తి కొట్టుకుని, ఆ సాయంత్రమే సుబ్బుకి ఫోను చేశాడు. షెడ్డు సంగతి ఇంక మర్చిపొమ్మన్నాడు. సొసైటీ కుర్రాళ్లు కొందరు సుబ్బుతో మాట్లాడటం మానేశారు. ఇంట్లో ముత్యాలయ్య కొడుకు ముఖం చూడటం లేదు. అన్నం మాత్రం అతను తినేదాకా తను తినడం లేదు.

వారం గడిచినా మిలిటరీ టీం రాలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ప్రత్యూషే ఊళ్లోకి వచ్చింది. ఒడ్డున పడవ నీడలో కూర్చున్న సుబ్బు ఎదురుగా నిలబడింది.

"రేపు టీం వస్తా ఉంది. ఒకటి అడగాల."

"అడగండి."

"మళ్లీ 'మీరు' అనడమా?"

"అడుగు."

"తవ్వితే ఇనప ముక్కే బయటపడిందనుకో. పనికిరాని బండి చక్రమో ఏదో. నీ షెడ్డు ఆ చక్రం కోసం పోయినట్టు. ఊళ్లో నిన్ను చూసి నవ్వుతారు. అప్పుడు నా ముఖం చూస్తావా?"

సుబ్బు ఆలోచించాడు. ఆలోచించడం ఆమెకి కనిపించాలనే కొంచెం ఎక్కువసేపు ఆలోచించాడు.

"చక్రమే అయితే దోవ తొందరగా తెరుస్తారు గదా. మంచిదే. నవ్వేవాళ్లు ఎట్టా అయినా నవ్వుతారు. నీ ముఖం చూడకుండా ఉండటం మాత్రం నా వల్ల కాదు. వాన రోజే చెప్దామనుకున్నా."

"వాన తగ్గిందన్నావు."

"అబద్ధం చెప్పినా."

ప్రత్యూష పడవ నీడలోకి వచ్చి అతని పక్కన కూర్చుంది. "నాకూ నీ ముఖం చూడకుండా కుదరదు," అంది, సముద్రంతో చెప్తున్నట్టు. "కానీ మా నాయనతో చెప్పడం మాత్రం ఈ గుండ్ల పని కంటే కష్టం."

టీం వచ్చింది. మొదటి రోజు తుప్పు పట్టిన ఇనప పట్టీ ఒకటి బయటపడింది. ఊళ్లో నవ్వారు. రెండో రోజు దాని కింద, ముత్యాలయ్య అడుగేయబోయిన చోటికి కొంచెం అవతల, ఇసుకలో నిట్టనిలువుగా దిగిపోయిన గుండు కనిపించింది. పక్కనే ఇంకొకటి. టీం పెద్ద చూసి, చెయ్యెత్తి అందర్నీ వెనక్కి పంపేశాడు. ఊళ్లో దిబ్బ వైపున్న ఇళ్లన్నీ ఖాళీ చేయించి, ఇసుక మూటలు పేర్చి, అక్కడికక్కడే పేల్చేశారు. భూమి కదిలింది. పడవల మీద ఆరేసిన వలలు ఊగాయి. దిబ్బ ఉన్న చోట ఇసుక చెట్టంత ఎత్తు లేచి మెల్లగా కిందికి రాలింది.

చప్పుడు ఆగాక విజయకుమారి తన కాళ్ల వైపు చూసుకుంది. ముత్యాలయ్య లేచి, టేపు దగ్గర నిలబడ్డ ప్రత్యూష దాకా నడిచి వెళ్లాడు. చేతులు జోడించబోయాడు. ఆమె ఆ చేతులు పట్టుకుని దించేసింది.

"మీ నాయన పేరేంది అమ్మణ్ణీ?" అని అడిగాడు.

"హజరత్తయ్య."

"ఇల్లు యాడ?"

షెడ్డు మళ్లీ సుబ్బు వాళ్లకే వచ్చింది. దానికి కారణం మాత్రం ఎవరూ అనుకోనిది. ఆ రోజు గెస్టుల్లో చెన్నై నుంచి వచ్చిన రెజీనా అనే ఆవిడ చేపలు కొని విదేశాలకు పంపుతుంది. 'కొన్నాళ్లు ఆలస్యమైనా సరే, ఆ అమ్మాయి బాగుందన్న నేలలోనే నేను స్థలం తీసుకుంటాను. పక్కన కల్యాణమండపం కాదు, చేపల మార్కెట్ కావాలి' అని కంపెనీకి చెప్పిందట. సుశీల్ కుమార్ ఈ సంగతి తనే వచ్చి చెప్పాడు. చెప్పేటప్పుడు ప్రత్యూష వైపు చూడకుండా చెప్పి, వెళ్లేటప్పుడు మాత్రం ఆగి, "థాంక్స్ అమ్మా," అన్నాడు.

దోవ తెరిచిన వారానికి ముత్యాలయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొడుకుని బండి తియ్యమన్నాడు. చేతిలో సంచి. సంచిలో పొద్దున పడిన పెద్ద వంజరం చేప.

వెంకటాచలం దాటాక పొలాల మధ్య ఇల్లు. ప్రత్యూష వాకిట్లోనే ఎదురొచ్చింది, ముఖం పాలిపోయి ఉంది. వాళ్లమ్మ ప్రమీలమ్మ సంచి అందుకుని లోపలికి తీసుకుపోయింది. హజరత్తయ్య వరండాలో కుర్చీలు చూపించాడు.

"అంతా మా పిల్ల చెప్పింది," అన్నాడు. సుబ్బు గోడ మీద క్యాలెండర్ చూశాడు. మళ్లీ మళ్లీ అదే చూశాడు.

"మేం వరి పండించుకునేవాళ్లం," అన్నాడు హజరత్తయ్య. "మీరు సముద్రం మీద బతికేవాళ్లు. కులం వేరు. మా అన్నదమ్ములు ఉండారు. రేపు ఊళ్లో నలుగురూ నన్ను నిలబెట్టి అడుగుతారు."

"అడుగుతారయ్యా," అన్నాడు ముత్యాలయ్య. "మా ఊళ్లోనూ అడుగుతుండారు. నేను ఒక్కటే చెప్తుండా. ఆ రోజు మీ పిల్ల అడ్డం నిలబడకుంటే నాకు కొడుకు ఉండడు, నేనూ ఉండను. ఇంక నన్ను అడగాల్సింది ఏమీ లేదని."

హజరత్తయ్య తలుపు దగ్గర నిలబడ్డ కూతుర్ని చూశాడు. "నీకు ఇష్టమేనా అని అడగను. ఇష్టం లేకుంటే వీళ్లని గడప దాకా రానియ్యవు. బాగా ఆలోచించినావా?"

"ఆలోచించినా నాయనా."

"నేనింకా ఆలోచించాల," అన్నాడాయన. "తొందర పడే సంగతి కాదు. పెద్దోళ్లతో మాట్లాడాల, ఒక నెలో రెండు నెలలో..."

మాట మధ్యలో ఆగిపోయింది. వంటింట్లోంచి చింతపండూ మామిడికాయా వేసి మరిగే పులుసు వాసన వరండాలోకి వచ్చింది. సందేహం లేదు, వంజరం పులుసే. ముత్యాలయ్య సుబ్బు వైపు చూశాడు. సుబ్బు ప్రత్యూష వైపు చూశాడు. ప్రత్యూష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమే," అన్నాడు హజరత్తయ్య లోపలికి చూస్తూ. "నేను మాట్లాడతానే ఉండా. నువ్వు అప్పుడే పొయ్యి మీద పెట్టేసినావా?"

ప్రమీలమ్మ గరిటె చేత్తోనే గుమ్మంలోకి వచ్చింది. ఒకసారి సుబ్బుని తల నుంచి కాళ్ల దాకా చూసింది.

"పిల్ల చెప్పిన రోజే నా ఆలోచన అయిపోయింది. మీ ఆలోచన అయ్యేదాకా చేప ఆగదు," అంది. "లేచి కాళ్లు కడుక్కోండి. అబ్బయా, నువ్వు కూడా లే. ఆకులు వేసేసినా."